కంచె లోపలి గాలి

పోయిన వారం మీరు నన్ను బస్సులో వదిలేశారు. కిటికీ పక్క సీటు, ఒళ్లో లాప్‌టాప్ సంచి, చంకలో చుట్ట చుట్టిన మ్యాపు, కడుపు నిండా కోపం. మా బావను కడిగేయడానికి బయల్దేరాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. అంతకన్నా ఎక్కువ చెప్పే ఓపిక ఇవాళ నాకు లేదు.

నా ఉద్యోగం గాలి లెక్కలు. ఫ్యాక్టరీల చిమ్నీల్లోంచి ఎంత దుమ్ము బయటికొస్తోందో గంట గంటకూ మా సాఫ్ట్‌వేర్‌లో చేరుతుంది. ఏడాది పొడుగునా గాలి ఎటు వీచిందో, ఎంత జోరుగా వీచిందో దానికి కలుపుతాం. అప్పుడది ఏ వీధిలో ఎంత దుమ్ము దిగుతుందో లెక్కగట్టి రంగుల మ్యాపు వేసిస్తుంది. పచ్చగా ఉంటే పరవాలేదు, పసుపైతే జాగ్రత్తపడాలి, ఎర్రగా వస్తే ఫ్యాక్టరీ వాళ్లు సమాధానం చెప్పుకోవాలి. మా బావ పనిచేసే సున్నం ఫ్యాక్టరీ మూడో బట్టీ వెలిగించడానికి అనుమతి అడిగింది. సోమవారం విచారణ. అక్కడ పెట్టే నివేదిక మీద లెక్క చేసిన మనిషిగా సంతకం పెట్టాల్సింది నేను.

గురువారం మా ఆఫీసు పెద్దాయన ఆ మ్యాపును గోడకు తగిలించేంత పెద్దగా వెయ్యమన్నాడు. చూడ్డానికి బాగుంటుంది కదా అని, ఆకాశం నుంచి తీసిన ఫొటో ఒకటి దాని అడుగున పరిచాను. ఏడేళ్లలో ఎన్నడూ చెయ్యని పని అది. ఫ్యాక్టరీ కంచె లోపల మేం లెక్క వెయ్యం కాబట్టి అక్కడ రంగుండదు, తెల్లగా వదిలేస్తాం. ఆ తెలుపును కాస్త పలచన చేసేసరికి కిందనుంచి నీలంరంగు నీళ్లట్యాంకు ఒకటి బయటపడింది. ఆ ట్యాంకు నాకు బాగా తెలుసు. దాని పక్కన మూడో ఇల్లు మా అక్కది.

అరవై ఇళ్ల క్వార్టర్స్ మొత్తం ఆ తెల్లచోట్లో ఉన్నాయి. అంటే మా లెక్క ప్రకారం అక్కడ గాలి లేదు. పీల్చేవాళ్లూ లేరు. మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. అల్లరి పడలేక దాన్ని అందరం పిడుగు అని పిలిచేవాళ్లం. ఆ పిడుగు ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఒకసారి ఆగి, జేబులోంచి మందు గొట్టం తీసి నోట్లో కొట్టుకుంటుంది. నాకు ఒళ్లు మండిందంటే మండదా మరి.

కంచె వివరాలు ఏటా మాకు పంపేది ఫ్యాక్టరీలో పర్యావరణం చూసుకునే ఆఫీసరు. ఆ ఆఫీసరు మా బావే. 'సరిహద్దులో మార్పు లేదు' అన్న కాగితం మీద ఏటా సంతకం చేసి పంపేది ఆయనే. ఇక దొంగ ఎవరో వెతకాల్సిన పనేముంది? మూడో బట్టీ కోసం కంచె గీతను లాగి తన ఇంటినీ, తన కూతుర్నీ లోపలికి తోసేశాడని శుక్రవారమంతా పళ్లు నూరుతూనే ఉన్నాను. శనివారం పొద్దున్నే బస్సెక్కాను.

బస్సు క్వార్టర్స్ లోపలిదాకా వస్తుంది. గేటు దగ్గర కాపలా మనిషి నన్ను ఆపలేదు, ఎవరు నువ్వని అడగలేదు. ఆ గేటును చూసి మళ్లీ మండింది. మా నియమం చాలా చిన్నది: ఎవరుపడితే వాళ్లు తిరిగే చోట గాలిని లెక్కపెట్టి తీరాలి. పనివాళ్లు తప్ప ఇంకొకరు అడుగుపెట్టలేని చోట మాత్రమే వదిలెయ్యొచ్చు. ఇక్కడ పాలవాడు తిరుగుతున్నాడు, పోస్టుమాన్ తిరుగుతున్నాడు, కాళ్లు లాగేసిన ముసలాయన ఒకడు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను లెక్కపెడుతున్నాడు. బట్టీ గోడకూ ఆ అరుగుకూ మధ్య మూడొందల అడుగులు కూడా ఉండవు.

వెళ్లేసరికి బావ వరండాలో పాత పేపరు పరుచుకుని బూట్లు పాలిష్ చేస్తున్నాడు. నల్లగా నిగనిగలాడించి వేసుకుంటాడు, ఫ్యాక్టరీ గేటు చేరేలోపు అవి తెల్లగా మారిపోతాయి, మర్నాడు మళ్లీ మొదలు. పదేళ్లుగా ఇదే. అక్క లోపల బల్ల దగ్గర కూర్చుని క్యారెట్లు తరుగుతోంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. సందుల్లో తడి గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఉతికిన బట్టలు ముందుగదిలోనే తాడు మీద ఆరుతున్నాయి. నన్ను చూసి అక్క సంబరంగా లేచింది. ఫోనైనా చెయ్యకుండా ఏంటి ఇలా ఊడిపడ్డావు, టీ పెడతానుండు అంది. నాకు టీ వద్దు, ఏదీ వద్దు అన్నాను. ఆ గొంతు విని మళ్లీ కూర్చుండిపోయింది.

క్యారెట్ల పళ్లెం పక్కకు తోసి మ్యాపు బల్ల మీద పరిచాను. నాలుగు మూలలా ఉప్పు డబ్బా, కత్తి, నా ఫోను, బావ కళ్లజోడు బరువు పెట్టాను. అందరికన్నా ముందు వచ్చింది పిడుగు. రంగులంటే దానికిష్టం. మ్యాపంతా వేలితో తడిమి, ట్యాంకు గుర్తుపట్టి, అక్కణ్నుంచి మూడిళ్లు లెక్కపెట్టుకుంది.

"పిన్నీ, మా ఇల్లు ఇదే కదా. అందరికీ రంగులున్నాయి, మాది తెల్లగా ఉందేం? మాదే అన్నిటికన్నా శుభ్రమా?"

వెళ్లి ఆడుకో అమ్మా అంది అక్క. ఆడుకోవడమంటే దానికిప్పుడు వరండా మెట్టు మీద కూర్చుని పుస్తకం చూసుకోవడమే. మందు గొట్టం జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని బయటికి నడిచింది. తలుపు దగ్గరగా వేసి వచ్చాడు బావ.

అప్పుడు అడిగాను, కంచె ఎప్పుడు జరిపారని. ఏ కంచె అన్నాడు. ఆ నిదానం చూసి అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఫ్యాక్టరీ వాళ్లకు అమ్ముడుపోయావన్నాను. కన్న కూతురి ఊపిరి కన్నా మేనేజరు మెప్పే ఎక్కువైందా అన్నాను. అక్క పెళ్లయిన పన్నెండేళ్లలో బావను ఎప్పుడూ మీరు అనే పిలిచాను, ఆ పూట తెలియకుండానే నువ్వులోకి దిగిపోయాను. ఆయన అది గమనించాడు. చేతిలో బ్రష్షు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"అయిపోయిందా? ఇప్పుడు నేను చెప్పేది విను. సరిహద్దులో మార్పు లేదని రాశాను. నిజంగానే లేదు. క్వార్టర్స్ కట్టకముందు నుంచీ ఈ నేల ఫ్యాక్టరీదే. నేను అబద్ధం ఎక్కడ రాశాను?"

నా చెవిలో పువ్వులు పెట్టొద్దన్నాను. కాగితం మీద నేల ఎవరిదైతే ఏంటి, ఇక్కడ పిల్లలు తిరుగుతున్నారా లేదా అది చెప్పమన్నాను. బావ కుర్చీలో కూలబడి నింపాదిగా చెప్పుకొచ్చాడు. రెండేళ్ల కిందట ఎవరో దుమ్ము గురించి ఫిర్యాదు రాస్తే మేనేజరు అందర్నీ పిలిచి ఒకే ఒక్క మాట అన్నాడట: క్వార్టర్స్‌తో ఇబ్బందయితే క్వార్టర్సే ఉండవు. అంతే, ఫిర్యాదు చేసినవాడే మర్నాడు వెళ్లి కాగితం వెనక్కి తీసుకున్నాడు. అరవై కుటుంబాలు. ఖాళీ చెయ్యమంటే నెల గడువిస్తారు. ఈ చుట్టుపక్కల ఇల్లు దొరకదు, దొరికినా ఫ్యాక్టరీ బస్సు అక్కడికి రాదు. నేనేదో బస్సు దిగొచ్చి నాలుగు కేకలేసి వెళ్లిపోతాను, ఇక్కడ ఉండేది వాళ్లు. ఇదీ ఆయన చెప్పిన సారాంశం.

అయితే ఒప్పుకున్నట్టేగా, గీత లాగింది నువ్వేగా అన్నాను. లాగలేదన్నాడు. అబద్ధమన్నాను. ఇక తాడోపేడో తేలిపోవాలని లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాను. ఎందుకంటే మా సాఫ్ట్‌వేర్ ఏదీ మర్చిపోదు. ఎవరు, ఏ తేదీన, ఏం మార్చారో ఒక చిట్టా రాసుకుంటూ పోతుంది. ఆ చిట్టా నేను శుక్రవారమే చూడాల్సింది. చూడలేదు. కోపం మీదున్నదాన్ని, తప్పు ఎవరిదో ముందే తెలుసనుకున్నదాన్ని, ఇక చూసేదేముంది అనుకున్నాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో అది రెండోది. మొదటిది ఆ చిట్టాలోనే ఉంది.

చిట్టా తెరిచాను. నా పక్కన బావ, వెనక అక్క. ఈ ఏడాది కంచె వరుసలో ఇలా ఉంది: 'పోయినేడాది దాని నుంచి తెచ్చుకున్నది.' ఫర్వాలేదు, పోయినేడే లాగి ఉంటాడనుకుని కిందకు జరిపాను. పోయినేడాది వరుసలోనూ అదే మాట. అంతకు ముందేడాదీ అదే. ప్రతి ఏడాదీ పాత ఫైలు తెరవడం, కొత్త పేరు పెట్టి దాచుకోవడం, చిమ్నీల లెక్కలూ గాలి వివరాలూ కొత్తవి ఎక్కించడం. మేమందరం చేసే పద్ధతే ఇది. కంచె జోలికి ఎవరూ వెళ్లరు, ఎందుకంటే మార్పు లేదని కాగితం ఉంటుంది కదా. అలా అలా జరుపుకుంటూ పోతే చివరి వరుస వచ్చింది. ఏడేళ్ల కిందటిది. 'కొత్తగా గీసినది.' పక్కనే గీసినవాళ్ల పేరు. ఆ పేరు నాది.

నేను నమ్మలేదు. ఎవరో నా పాస్‌వర్డు వాడేశారు అన్నాను. అప్పుడు అక్క ముందుకు వంగి, కంచె మూలల జాబితా మీద వేలు పెట్టింది. పెళ్లికి ముందు అక్క ఒక డ్రాయింగ్ ఆఫీసులో మ్యాపులు గీసేది. అమ్మ పోయాక నన్ను చదివించింది ఆ ఉద్యోగమే. భోజనాల బల్ల మీద ట్రేసింగు కాగితం పరిచి నాకు గీతలు గీయడం నేర్పింది కూడా అక్కే. ఏ స్థలమైనా సరే ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టి, గడియారం ముల్లు తిరిగినట్టు తిరిగి, మొదలుపెట్టిన చోట చుక్క మీద చుక్క రెండుసార్లు పెట్టి ముయ్యాలి. ఎందుకలా అని నేను అడగలేదు, అక్కా చెప్పలేదు. మా ఆఫీసులో అందరూ ఎక్కడ పడితే అక్కడ మొదలుపెడతారు. ప్రపంచంలో అలా గీసేవాళ్లు ఇద్దరే ఇద్దరు.

"ఈశాన్యం నుంచి మొదలెట్టావు. చివర్లో రెండు చుక్కలూ ఉన్నాయి. ఇది నీ చేతి గీతే, చిన్నీ."

అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రెండో వారం. నాకిచ్చిన మొట్టమొదటి పని ఈ ఫ్యాక్టరీదే. సరిహద్దు పటం కావాలని బావకు ఫోన్ చేస్తే ఫ్యాక్టరీ కొన్న నాటి పాత పటం పంపాడు. అప్పటికి ఇక్కడ తుప్పలు తప్ప ఏమీ లేవు. ఉన్న పటం ఉన్నట్టు గీసేశాను. తరవాతి ఏడాది అక్కావాళ్లు క్వార్టర్స్‌లోకి వచ్చారు. గృహప్రవేశానికి నేనే వచ్చి ఈ బల్లను ఈ మూలకు జరిపించాను. ఆ ఇల్లు చూసి ఎంత మురిసిపోయానో. తిరిగి ఆఫీసుకెళ్లి పాత ఫైలు తెరిచి కొత్త పేరు పెట్టి దాచుకున్నాను. ఆరేళ్లు. ఈ బల్ల మీద ఎన్ని భోజనాలు చేశానో, ఎన్నిసార్లు ఆ కిటికీ తుడిచిపెట్టానో. ఒక్కసారైనా, మ్యాపులో ఈ ఇల్లెక్కడ అని వెతుక్కోలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

కానీ కోపానికి సిగ్గు ఉండదు, పట్టుకోవడానికి ఇంకో కొమ్మ వెతుక్కుంటుంది. మరి నువ్వు చూశావు కదా, ఏటా నా మ్యాపు నీ చేతికే కదా వచ్చేది, ఇన్నేళ్లూ నోరెందుకు మెదపలేదని మళ్లీ బావ మీదే పడ్డాను. ఆయన అక్క వైపు చూశాడు. అక్క తల దించుకుంది. బావే చెప్పాడు.

"ఇక్కడికొచ్చిన మొదటేడే చూశాను. మీ అక్కకీ చూపించాను. నువ్వు మా కోసమే వదిలేశావనుకున్నాం. లెక్క వేస్తే ఇల్లు పోతుందని నీకు తెలుసనీ, అందుకే తెల్లగా ఉంచావనీ అనుకున్నాం. అడిగితే నీ ఉద్యోగానికి ఎసరొస్తుందని అడగలేదు."

ఆరేళ్లుగా అక్క నన్ను బస్సెక్కించేటప్పుడు చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంచుకుంటుంది. అది ప్రేమనుకున్నాను. ప్రేమే, కానీ అందులో నేను చెయ్యని మేలుకి కృతజ్ఞత కూడా ఉందన్నమాట. నేను దొంగలెక్క వేశానని నమ్మి, నన్ను కాపాడటానికి వాళ్లు మౌనంగా ఉన్నారు. నేనేమో ఆయన్ని దొంగనుకుని ఊరంతా వినిపించేలా అరవడానికి వచ్చాను. ఎవరూ ఎవరినీ అడగలేదు. మధ్యలో ఊపిరాడనిది తొమ్మిదేళ్ల పిల్లకు.

అక్కడితో ఆగినా బాగుండేది. అక్క ఇంకో మాట చెప్పింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అడుగుతుంటారట, ఈ దుమ్ము మంచిదేనా, పిల్లలందరికీ ఈ దగ్గులేంటని. వాళ్లకు అక్క ఏం చెప్పేదంటే, మా చెల్లెలే లెక్కలు వేస్తుంది, ప్రమాదముంటే చెప్పదా అని.

"వాళ్లకి నన్ను చూపించి ధైర్యం చెప్పావా అక్కా?" అన్నాను. "నేను లెక్కే వెయ్యలేదని నీకు తెలిసి కూడా?"

అక్క మ్యాపు మూలనున్న కత్తి తీసుకుని పళ్లెం దగ్గరికి లాక్కుంది. తరిగిన క్యారెట్లనే మళ్లీ తరగడం మొదలుపెట్టింది. మా అక్క మీద నాకెప్పుడూ అంత కోపం రాలేదు. అమ్మ తరవాత అమ్మ. ఆ మనిషి చేతిలో కత్తి లాక్కుని విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. కంచె గీతను పట్టుకుని క్వార్టర్స్ గోడ దాకా వెనక్కి జరిపాను, ఈశాన్యం మూల నుంచే, గడియారం ముల్లు తిరిగినట్టే. చివర్లో చుక్క మీద చుక్క రెండుసార్లు పెట్టాను. అరవై ఇళ్లూ కంచె బయటికి వచ్చాయి. ఇక లెక్క మొదలుపెట్టే బటను ఒక్కటే మిగిలింది.

అక్క చెయ్యి నా చేతి మీద పడింది.

"నొక్కకు. ఇప్పటిదాకా జరిగింది పొరపాటు. నీకు తెలియదు, నిన్నెవరూ ఏమీ అనలేరు. ఎంత దుమ్ముందో తెలిసిపోయాక సోమవారం సంతకం ఎలా పెడతావు? పెట్టకపోతే మేమెక్కడికి పోతాం?"

అరవై కుటుంబాలకు ఇల్లు చూపించే సాఫ్ట్‌వేర్ మా దగ్గర లేదు. కానీ తలుపు అవతల నుంచి దగ్గు వినిపిస్తోంది. రెండు దగ్గులు, ఒక ఆగడం, మందు గొట్టం చప్పుడు, మళ్లీ రెండు దగ్గులు. ఇంట్లో ఎవరికీ అది వినపడుతున్నట్టే లేదు, అలవాటైపోయింది. అక్క చెయ్యి పక్కకు తీసి బటను నొక్కాను.

నొక్కేముందు నాకొక సంగతి తెలుసు, అక్కకు తెలియదు. విచారణకు పెట్టిన ఫైలు మీద లెక్క మళ్లీ నడిపితే ఫలితం నా ఒక్కదానికే రాదు. ఫ్యాక్టరీకీ, మా పెద్దాయనకూ, అనుమతులిచ్చే అధికారిణికీ ఒకేసారి వెళ్తుంది. ఫ్యాక్టరీలు నచ్చిన ఫలితం వచ్చేదాకా లెక్క నడిపించి మిగిలినవి దాచేస్తున్నాయని పోట్లాడి ఆ పద్ధతి పెట్టించింది నేనే. ఆ సంగతి బావకు కూడా తెలుసు. నా వేలు బటను మీద ఉన్నంతసేపూ నన్నే చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట చెప్పి ఉంటే అక్క లాప్‌టాప్ లాక్కునేది. చెప్పలేదు. నొక్కాక తల వంచుకుని చేతిలో బ్రష్షు పక్కన పెట్టాడు. ఆ మనిషిని నేను పొద్దుట్నుంచీ అన్న మాటలన్నీ ఒక్కొక్కటే నా మొహాన వచ్చి తగిలాయి.

అక్క గభాల్న లాప్‌టాప్ మూత వేసేసింది. ఆగిపోయిందనుకుంది పిచ్చిది.

"మూత వేస్తే ఆగదక్కా. లెక్క నడిచేది ఇందులో కాదు, ఆఫీసు కంప్యూటర్లో. ఇరవై నిమిషాలు పడుతుంది," అన్నాను. ఫలితం ఎవరెవరికి వెళ్తుందో కూడా అప్పుడే చెప్పాను.

అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నీకు ఇల్లుంది, అంది. అంతే. ఆ ఒక్క మాటతో నన్ను పెంచిన పదేళ్లూ వెనక్కి తీసుకున్నట్టయింది. నాకూ ఉక్రోషం ఆగలేదు, ఆ ఇల్లు ఉంటే సరా, అందులో ఉండటానికి పిల్ల ఉండొద్దా అనేశాను. అని నాలుక్కరుచుకున్నాను. అక్క మొహం పాలిపోయింది. ఇరవై నిమిషాలూ ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పొద్దున తుడిచిన బల్ల మీద మ్యాపు చుట్టూ అప్పుడే పలచగా సున్నం పేరుకుంటోంది. తడి గుడ్డలు కుక్కినా అది ఎక్కణ్నుంచి వస్తుందో నాకర్థం కాలేదు.

బావ ఫోను మోగింది. మెసేజీ. నా ఫోను కళ్లముందే ఉంది, చూసే ధైర్యం చాల్లేదు. ఆయన మ్యాపు మూల నుంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. మ్యాపు ఆ మూల చుట్టుకుపోయింది. ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు. ఆయనా ఈ పనిలో ఉన్నవాడే, ఏం అడగాలో తెలుసు. ఒక గంటకు అంత దుమ్ము వచ్చిందంటే, ఏదో ఒక చెడ్డరోజు గాలి ఇటు తిరిగిందని సరిపెట్టుకోవచ్చు. ఏడాది సగటే అంత ఉందంటే, సరిపెట్టుకోవడానికి ఏమీ మిగలదు.

"ట్యాంకు పక్క పాయింటు. పరిమితికి మూడున్నర రెట్లు," అన్నాడు. ఫోను నా వైపు తిప్పాడు. "ఇది గంటదా, ఏడాదిదా?"

ఏడాదిది, అన్నాను. బావ కళ్లజోడు తీసి, భుజం మీది పాలిష్ గుడ్డతో అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. అద్దాలకు నల్లరంగు అంటుకుంది, అది కూడా చూసుకోలేదు. ఆయన ఏడవడం నేనదే మొదటిసారి చూడటం.

అప్పుడు నా ఫోను మోగింది. మెసేజీ కాదు, కాల్. అనుమతుల అధికారిణి. నాకు తెలిసి సెలవురోజున ఆవిడ ఎవరికీ ఫోన్ చేసిన మనిషి కాదు. తియ్యొద్దని అక్క తల అడ్డంగా ఊపింది. తీశాను. ఫోను బల్ల మీదే ఉంచి స్పీకరు నొక్కాను. ఆవిడ నమస్కారాలూ కుశలప్రశ్నలూ ఏమీ పెట్టుకోలేదు. కొత్త మ్యాపు తన ముందే ఉందంది. గురువారం పంపిన దాంట్లో తెల్లగా ఉన్న చోటు ఇప్పుడు చిక్కటి ఎరుపొచ్చిందంది. ఫ్యాక్టరీ మేనేజరు అప్పుడే ఫోన్ చేసి, అది తమ ఖాళీ స్థలం, పాత షెడ్లు తప్ప ఏమీ లేవు, మీవాళ్లే కంచె గీత పొరపాటున జరిపారని చెప్పాడట.

"నాకు ఒక్కటే చెప్పండి. ఆ ఎర్రచోట మనుషులెవరైనా ఉంటున్నారా?"

ఉన్నారంటే అరవై ఇళ్లు పోతాయి. లేరంటే మూడో బట్టీ వెలుగుతుంది. అక్క బల్ల అవతల నుంచి నా వైపు వంగి, రెండు చేతులూ జోడించింది. నన్ను కన్నకూతురిలా పెంచిన మనిషి, నాకు దణ్ణం పెడుతోంది. లేరని చెప్పమని పెదాలతోనే అడుగుతోంది. బావ నల్లబడ్డ కళ్లజోడు చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను, మాట ఇంకా గొంతులోనే ఉంది.

తలుపు తోసుకుని పిడుగు లోపలికి వచ్చింది. మందు గొట్టం అయిపోయిందని చెయ్యి చాపి చూపించింది. చెప్పడానికి ఊపిరి చాల్లేదు. గడప మీదే కూలబడి దగ్గింది, వంగిపోయి దగ్గింది. అక్క కుర్చీ తన్నుకుంటూ పరుగెత్తింది.

"మీరిప్పుడు ఎక్కడున్నారు?" అంది ఫోనులోంచి ఆవిడ. "అక్కడ దగ్గుతున్నది ఎవరు?"